వంద డోసులు

కుక్క టీకాల పుస్తకంలో, పిచ్చి రాకుండా ఇంజక్షను చేసినట్టు సంతకం ఉన్న చోట, కోళ్ల మందు సీసా చీటీ అంటించి ఉంది.

సత్యదుర్గ కళ్లజోడు తీసి పైటకొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. చీటీ మారలేదు. వేలిగోరంత కాగితం. నీలం అంచు. చీమలబారులాంటి ఇంగ్లీషు అక్షరాలు. ఆ సీసా ఆమెకు బాగా తెలుసు. రాజోలులో ఆమె పెరట్లో పన్నెండు కోళ్లున్నాయి. కొక్కెర తెగులు రాకుండా ఏటా ఆ మందే తెప్పించి, వీధిలో ఆడవాళ్లందరినీ కేకేసి, అందరి కోళ్లకూ అదే వేయిస్తుంది. ఒక సీసా విప్పితే వీధి మొత్తానికి సరిపోతుంది. చీటీ మీదే ఉంది, వంద డోసులని.

ఒక్క కుక్కకి వంద డోసులు ఎవరు వేస్తారు?

"ఏంటండీ అంతలా చూస్తున్నారు? మా దొరగారి జాతకంలో ఏమైనా దోషం ఉందంటారా?" అన్నాడు రమణబాబు.

తాటిపాక దాటాక రెండు మైళ్లలో ఉంది రమణబాబు ఇల్లు. పదహారెకరాల రొయ్యల చెరువులున్న మనిషి. దొర అతని కుక్క. ఐదేళ్ల అల్సేషియన్. వరండా స్తంభానికి కట్టేసి ఉంది. ఎవరి మీదా మొరగడం లేదు. గొలుసు లంకెల్ని ఒక్కొక్కటిగా నాకుతోంది.

"జాతకం బాగానే ఉందండి, చీటీ తప్పు అంటించేరు. ఇది కోళ్లది. ఇన్సూరెన్సు కంపెనీవాళ్లు ఫొటో చూసేరంటే వెనక్కి కొట్టేస్తారు," అంది సత్యదుర్గ.

"అబ్బే, ఇంజక్షను చేసే పోలయ్యగారికి చూపు ఆనడం లేదు కదండీ. ఒక్క ఫోను కొట్టండి, మార్చేస్తారు."

పద్నాలుగేళ్లుగా ఆమె గేదెలకీ, దుకాణాలకీ, పడవలకీ పాలసీలు చేయిస్తోంది. కుక్కకి పాలసీ అడిగినవాడు రమణబాబే మొదలు. కంపెనీవాళ్లు పంపిన మూడు రకాల కాగితాలూ ఆదివారమంతా కూర్చుని చదువుకుంది. ఫారం మాత్రం గేదెల ఫారాన్నే మార్చి తయారుచేసినట్టున్నారు. కొమ్ముల ఆకారం అన్న గడి అలాగే ఉంది.

"కొమ్ములు లేవు అని రాయమంటారా?" అంది.

"మొలిస్తే ఫోన్ చేస్తానని రాయండి," అన్నాడు రమణబాబు. లోపల్నించి అతని భార్య లక్ష్మీతులసి గట్టిగా నవ్వింది.

సత్యదుర్గ మూడు కాగితాలూ బల్ల మీద పరిచింది. మొదటిది చవక. కుక్క చచ్చిపోయినా, ఎవరైనా ఎత్తుకుపోయినా దాని ఖరీదు ఇస్తారు. రెండోది జబ్బు చేస్తే వైద్యానికి. కాకపోతే వాళ్ల జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో దగ్గరిది రాజమండ్రి. అర్ధరాత్రి కుక్కకి వాంతులైతే అంతదూరం తీసుకెళ్లగలరా అని ఆమే అడిగింది. మూడోది, కుక్క ఎవరినైనా కరిస్తే వాళ్ల వైద్యానికీ నష్టానికీ.

"మీ ఇంటికి మూడోదే సరిపోతుందనిపిస్తోందండి. మేత లారీలవాళ్లు, కరెంటు బిల్లు మనిషి, పార్సిళ్ల కుర్రాళ్లు... రోజూ పదిమంది గేటు దాటి వస్తారు కదా."

"కుక్క కరిచినవాళ్లకి కూడా ఇస్తారాండీ?" రమణబాబు కాగితం దగ్గరకి లాక్కున్నాడు. కాసేపు చూసి వదిలేశాడు. "మా దొర కరవడండి. చూపుతోనే చంపేస్తాడు. ఆ మొదటిది రాసేయండి."

ఆమె గుర్తింపు చిహ్నం అన్న గడి దగ్గర కలం ఆపింది. దొర మెడ కింద వెంట్రుకలు లేని మచ్చ ఒకటి కనిపించింది.

"అది దసరాల్లో అయ్యింది వదినగారూ," అంది లక్ష్మీతులసి గుమ్మంలోంచి. "గేటు తీసి ఉంటే రోడ్డు మీద కుక్కలతో కలబడి వచ్చేడు. పసుపు రాస్తే మానిపోయింది."

మెడ కింద మానిన గాయపు మచ్చ అని సత్యదుర్గ గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. ఫోనెత్తి పోలయ్యకి చెప్పింది. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా రిటైరైన మనిషి. చుట్టుపక్కల ఊళ్లలో అందరూ డాక్టరుగారనే అంటారు.

"ఆయ్, కోళ్లదా? పొరపాటమ్మా, పొరపాటు. రేపు పొద్దున్నే వెళ్లి సరైంది అంటించేస్తాను," అన్నాడు పోలయ్య.

దాంతో ఆ పని అయిపోయిందనుకుంది సత్యదుర్గ.

మంగళవారం ఆమె టిఫిను తింటుండగా రమణబాబు ఫోను వచ్చింది.

"ఆ మూడోదే వేసేయండి సత్యదుర్గగారూ."

"నిన్న వద్దన్నారు కదండీ?"

"మీరు చెప్పింది మళ్లీ ఆలోచించేనండి. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు... నిజమే కదా. తేదీ మాత్రం పోయిన వారం సోమవారం వేయాలి."

ఆమె నవ్వింది. "కంప్యూటరు ఒప్పుకోదండి. ఇవాళ కడితే రేపట్నించి మొదలు. అందులోనూ కాటుకి పదిహేను రోజులు ఆగాలి. ఆలోపల కరిస్తే లెక్కలోకి రాదు."

అవతల చెరువు నీళ్లు చిలికే ఏరియేటర్ల చప్పుడు వినిపించింది.

"పదిహేనా," అన్నాడు రమణబాబు. "సరే, కానివ్వండి."

ఆమె మధ్యాహ్నం స్కూటరు వేసుకుని వెళ్లింది. పుస్తకంలో పాత చీటీ మీద కొత్త చీటీ అంటించి ఉంది. నాలుగు మూలలూ సరిగ్గా కూర్చున్నాయి. పేరు సరైందే. తేదీ సరైందే. ఫొటో తీసుకుంది. దొర ఇవాళ స్తంభం దగ్గర లేదు. కొబ్బరికాయల కొట్టుగదిలో కట్టేశారట, దానికి ఎండ పడటం లేదని.

మూడో పాలసీ ఫారంలో ప్రశ్నలు ఎక్కువ. ఒక్కొక్కటీ పైకి చదివి జవాబు రాసుకుంటూ వచ్చింది.

"గత పన్నెండు నెలల్లో కుక్క ఎవరినైనా కరిచిందా?"

రమణబాబు భార్య వైపు చూశాడు. లక్ష్మీతులసి చేతిలో ఉన్న తువాలు మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది.

"లేదండి," అన్నాడు రమణబాబు.

సత్యదుర్గ లేదు అని రాసింది. రాశాక ఊరికే, మాటల్లో మాటగా అడిగింది. "ఇంత కుక్కని ఇంజక్షనప్పుడు ఎవరు పట్టుకుంటారండీ?"

"ఎవరూ పట్టుకోనక్కర్లేదు వదినగారూ," లక్ష్మీతులసి మాట మారినందుకు హుషారుగా అందుకుంది. "పోలయ్యగారు మమ్మల్నందరినీ లోపలికి పంపేసి తలుపేసుకోమంటారు. ఇంట్లోవాళ్లు కనిపిస్తే కుక్క గారాలు పోతుందంట. రెండు నిమిషాల్లో అయిపోయిందండీ అని పిలుస్తారు. ఒక్క అరుపు వినపడదు! ఆయన చెయ్యి అంత తేలికండి."

"అయితే మీరెవరూ చూడలేదా?"

"చేయించేం కదండీ, చూసేదేముంది?" అన్నాడు రమణబాబు.

పనిమనిషి రాజ్యం కాఫీ గ్లాసులు తెచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. కుడికాలు పూర్తిగా మోపకుండా, మడమ ఎత్తి నడుస్తోంది. గ్లాసు అందుకుంటూ సత్యదుర్గ ఆ కాలివైపు చూసింది. చీర అంచు కింద పాత పంచె గుడ్డ కట్టు. రమణబాబు వెంటనే, "వెళ్లు రాజ్యం, వెళ్లు," అన్నాడు.

తిరిగి వెళ్తూ సత్యదుర్గ పెరటివైపు నుంచి స్కూటరు తీసింది. రాజ్యం కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది. నీళ్లకి కట్టు తడిసి జారింది. పిక్క మీద నాలుగు గుంటలు. అటు రెండు, ఇటు రెండు. చుట్టూ చర్మం నల్లబడింది.

"ఏమైంది రాజ్యం?"

"కొబ్బరిమట్ట గీరుకుందండి."

"మట్టకి పళ్లుంటాయా?"

రాజ్యం వంటింటి కిటికీ వైపు చూసింది. తోముతున్న గిన్నెనే మళ్లీ తోముతూ, పెదవులు కదపకుండా అంది. "నాలుగ్గంటలకి మా ఇంటికెళ్తానమ్మగారూ. అక్కడికి రండి. ఇక్కడొద్దు."

రాజ్యం ఇల్లు చెరువుగట్టు మీదే. రెండు గదుల రేకుల ఇల్లు. రమణబాబు కట్టించి ఇచ్చిందే. ఆమె మొగుడు నాగబాబు ఆ చెరువులకి కాపలా, మేతపని. సత్యదుర్గ వెళ్లేసరికి అతను గట్టు అంచున కూర్చుని మేత పళ్లెం పైకి లాగుతున్నాడు. తాడు చేతికి చుట్టుకుంటూ, నీళ్లు ఒలకకుండా పళ్లెం ఎత్తి, మిగిలిన మేత గింజల్ని వేలితో తోసి చూశాడు. పళ్లెంలో ఎగిరిపడుతున్న రొయ్యని పట్టుకుని వెలుతురుకి పెట్టి, దాని పేగు నిండిందో లేదో చూసి నీళ్లలోకి వదిలేశాడు.

"రొయ్యకి జ్వరమొస్తే మా బాబుగారు భీమవరం నుంచి డాక్టర్ని రప్పిస్తారండి," అన్నాడు, పళ్లెం మళ్లీ దింపుతూ.

రాజ్యం గుమ్మంలో కాలు చాపుకుని కూర్చుంది. దాచలేదు.

"పోయిన బుధవారమండి. అన్నం గిన్నె తీయబోయేను. రోజూ తీసేదే. ఏం చెయ్యలేదు నేను. పట్టేసుకున్నాడు. తులసమ్మగారే సబ్బుతో కడిగేరు. పుస్తకం తెచ్చి చూపించేరు, మన దొరకి ఇంజక్షన్లు అయ్యేయి, నీకేం భయం లేదని. నాకు చదువు రాదు కదండీ. సంతకం చూపించేరు. పోలయ్యగారి సంతకమంట."

"మరి ఇన్నాళ్లూ ఆసుపత్రికి వెళ్లలేదా? అక్కడ కుక్కకాటు సూదులు ఊరికే వేస్తారు కదా!"

మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాగబాబు తాడు చుట్టడం ఆపలేదు.

"నిన్న సాయంత్రం బాబుగారు పిలిచేరండి. మీరు పాలసీ తెస్తున్నారంట కదా. అది వచ్చేక కంపెనీవాళ్లే పెద్దాసుపత్రిలో చూపించి, కూలి పోయినందుక్కూడా ఇస్తారంట. ఇప్పుడే వెళితే ఆసుపత్రిలో రాసేసుకుంటారంట, ఎవరి కుక్క, ఏ రోజు కరిచింది అని. అప్పుడింక పాలసీ చెల్లదంట. ఇవాళ మళ్లీ చెప్పేరు, పదిహేను రోజులు ఓపిక పట్టమని."

సత్యదుర్గ చేతిలో హెల్మెట్టు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. పదిహేను రోజులు అన్న మాట ఆమె నోటి నుంచి వచ్చిందే. కాలు చాపుకు కూర్చున్న ఈ మనిషి వారం రోజులుగా పుస్తకాన్ని నమ్మింది. నిన్నట్నించి సత్యదుర్గ కాగితం కోసం ఎదురుచూస్తోంది. సోమవారం పోలయ్యకి ఫోన్ చేసినప్పుడు తను అడిగింది చీటీ గురించి. సూది పడిందా లేదా అన్న ప్రశ్న తన బుర్రకే తట్టలేదు.

"పాలసీ లేదు, ఏమీ లేదు. రేపు పొద్దున్నే ఆసుపత్రికి వెళదాం, నా బండి మీద," అంది.

రాజ్యం తల అడ్డంగా ఊపింది. "బాబుగారికి కోపమొస్తే ఈ గట్టు మీద ఉండనిస్తారాండీ? దొరకి మందు పడిందిగా. పోలయ్యగారు చేసేరంటే చేసినట్టే."

"ఆ పుస్తకంలో ముందు అంటించింది కోళ్లమందు చీటీ, రాజ్యం. నా కళ్లతో చూసేను."

నాగబాబు నవ్వాడు. "చీటీదేముందండీ. మేతబస్తా మీద ఒకటి రాసుంటది, లోపల ఒకటుంటది. ఆయన చెయ్యి చూడాలి గానీ. మా మేనత్త గేదెకి కడుపులో దూడ అడ్డం తిరిగితే భుజం దాకా చెయ్యి పెట్టి తీసేడండి మహానుభావుడు. ఆయన అబద్ధం ఆడతాడా?" పళ్లెం తాడు గూటానికి కట్టి లేచాడు. "ఆయన తన నోటితో చెయ్యలేదు అని చెప్పమనండి. అప్పుడు మీరు చెప్పక్కర్లేదు, నేనే తీసుకెళ్తాను."

బుధవారం పొద్దున్న పోలయ్య ఇంట్లో లేడు. పక్క ఊళ్లో ఈనుతున్న గేదె దగ్గర ఉన్నాడంటే సత్యదుర్గ అక్కడికే వెళ్లింది.

పాకలో నలుగురు మగవాళ్లు గోడవారగా నిలబడి ఉన్నారు. పోలయ్య ఒక్కడే గేదె వెనక ఉన్నాడు. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి. బనీను, మోకాళ్ల పైకి కట్టిన లుంగీ. చేతికి ఆముదం పూసుకుని మోచేతి దాకా లోపల పెట్టాడు. గేదె కాలు విసిరింది. ఆయన కదల్లేదు. "ఏయ్ తల్లీ, ఏయ్," అంటూ రెండో చేత్తో దాని తొడ మీద నెమ్మదిగా తట్టాడు. లోపల చెయ్యి తిప్పుతున్నప్పుడు కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి రెండు గిట్టలు కనిపించాయి. గోనెసంచి ముక్కతో పట్టు పట్టి, గేదె నొప్పి పడినప్పుడల్లా లాగుతూ, అది ఆగినప్పుడల్లా ఆగుతూ దూడని గడ్డి మీదకి దించాడు. ముక్కులో బంక తీసి, గడ్డిపరకతో గిలిగింత పెట్టాడు. దూడ తుమ్మింది. గోడవార ఉన్నవాళ్లందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు.

"అదండీ చెయ్యి అంటే!" అన్నాడు గేదె ఆసామి.

మాయ పడిన వాసనకి వీధిలోంచి బక్కకుక్క ఒకటి పాకలోకి వచ్చింది. డొక్కలు కనిపిస్తున్న ముసలి కుక్క. పోలయ్య దాన్ని చూశాడు. చూసి ఒక్క అంగలో గేదెకీ గోడకీ మధ్యకి వెళ్లిపోయాడు. ఈనిన గేదె కాలు విసిరితే గోడకి నలిగిపోయే చోటు అది. అనుభవం లేనివాడు కూడా అక్కడ నిలబడడు.

"దాన్ని తోలండిరా, తోలండి," అన్నాడు. గొంతు సన్నగా వచ్చింది.

ఎవరో పుల్ల విసిరారు. కుక్క పోయింది. పోలయ్య వెంటనే బయటికి రాలేదు.

ఆయన చేతులు కడుక్కుంటుంటే సత్యదుర్గ బిందెతో నీళ్లు పోసింది. "బాబాయిగారూ, రమణబాబుగారి కుక్కకి మీరు ఇంజక్షను చేసేరా?"

"చేసేనమ్మా. చీటీ కూడా మార్చేను, చూడలేదూ?"

"చీటీ చూసేనండి. సూది సంగతి అడుగుతున్నాను. అది వాళ్లింట్లో పనిచేసే రాజ్యాన్ని కరిచింది. పోయిన బుధవారం. ఇవాళ్టికి ఎనిమిదో రోజు. మీరు మందు వేసేరన్న ధైర్యంతో ఆవిడ ఒక్క సూది కూడా వేయించుకోలేదు. మీరు మీ నోటితో చెప్తే తప్ప వెళ్లదంట."

పోలయ్య సబ్బు రుద్దుకుంటూనే ఉన్నాడు. ఆముదం ఎప్పుడో వదిలిపోయింది. మోచేతుల దాకా, భుజాల దాకా రుద్దుకుంటున్నాడు. నీళ్లు చాలమ్మా అనలేదు. బిందె అయిపోయింది.

"దొర అన్నం తింటున్నాడా?" అన్నాడు చివరికి.

ఆమె అక్కడే లక్ష్మీతులసికి ఫోన్ చేసింది, స్పీకరు పెట్టి.

"నిన్నట్నించి ముద్ద ముట్టలేదు వదినగారూ. కొట్లో చీకట్లోనే పడుకుంటున్నాడు. గొంతు బొంగురుపోయింది. నీళ్లు తాగబోతాడు గానీ దవడ మూసుకోవడం లేదు, అన్నీ కారిపోతున్నాయి. జలుబేమో అంటున్నారు ఈయన. మనం ఆ రెండోది తీసుకుని ఉంటే వైద్యానికి వచ్చేదా అండీ?"

"ఎవరూ దాని దగ్గరికి వెళ్లకండి వదినగారూ. తలుపు గడియ పెట్టేయండి. పశువుల డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చేయండి," అంది సత్యదుర్గ. ఫోను పెట్టేసి పోలయ్యని చూసింది.

"నేను చేసేనమ్మా," అన్నాడు మళ్లీ. ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టు. తువాలు భుజాన వేసుకుని, దూడ వైపు కూడా చూడకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు.

సాయంత్రం దాకా ఆయన ఫోను ఎత్తలేదు.

ఆమె రమణబాబు దగ్గరికి వెళ్లింది. అతను గేటు బయటికి వచ్చి మాట్లాడాడు. లోపలికి రమ్మనలేదు.

"మీకు పాలసీ కావాలా, నా ఇంటి గొడవలు కావాలా అండీ? మందు వేయించేను. పుస్తకం ఉంది. మీరే ఫొటో తీసుకున్నారు. రేపు ఎవరైనా అడిగితే ఆ ఫొటో మీ ఫోన్లో కూడా ఉంటుంది, గుర్తుపెట్టుకోండి."

"ఫారం పంపడం లేదండి," అంది సత్యదుర్గ.

"ఇంకో ఏజెంటు దొరకడంటారా?"

"దొరుకుతాడండి. ఆవిడకి ఇంకో కాలు దొరకదు, ఇంకో ప్రాణం దొరకదు." స్కూటరు మూడోసారికి స్టార్టయ్యింది.

చెరువుగట్టు మీద రాజ్యానిది ఇంకా అదే మాట. అమ్మగారూ, మీరు మంచోరే, పోలయ్యగారు చెప్పాలి కదండీ. ఇంకో వారం చూద్దాం. నాగబాబు అక్కడ లేడు. అతన్ని రమణబాబు రెండో చెరువుకి పంపించాడు.

గురువారం తెల్లారిన గంటకి లక్ష్మీతులసి ఫోన్ చేసి ఏడ్చింది. దొర చచ్చిపోయాడు. పశువుల డాక్టరు బయటి ఊళ్లో ఉన్నారట, ఆయన వచ్చేలోపే రమణబాబు మనుషుల్ని పెట్టి గట్టు పక్కన పాతిపెట్టించేశాడు. "ఇంకెవరికీ చెప్పొద్దన్నారు వదినగారూ. మీకు చెప్పకుండా ఉండలేకపోయేను. రాజ్యం ఇవాళ పనిలోకి రాలేదు. నాకు భయంగా ఉందండి."

సత్యదుర్గ జడ కూడా వేసుకోలేదు. బలవంతంగానైనా ఎక్కించుకుని వెళ్లాలనుకుంది. అమలాపురం పెద్దాసుపత్రికి ఫోన్ చేసి కనుక్కుంది. గాయం చుట్టూ వేసే మందు కూడా ఉందట. ఎనిమిది రోజులు ఆలస్యమైనా వెంటనే తీసుకురండి, ఇంకో గంట కూడా ఆగకండి అన్నారు.

ఆమె వెళ్లేసరికి రేకుల ఇంటి ముందు ఆటో నిలబడి ఉంది. దాని పక్కన పోలయ్య సైకిలు గట్టు మీద పడేసి ఉంది. రాజ్యం గుమ్మంలో కూర్చుంది. నాగబాబు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. పోలయ్య వాళ్లెదుట నేల మీద, తడి మట్టిలో, మఠం వేసుకుని కూర్చున్నాడు. పంచె తడుస్తున్నా పట్టించుకోవడం లేదు. రాజ్యం రెండుసార్లు పీట జరిపింది. ఆయన దాని మీదకి ఎక్కలేదు.

"ఇలా కూర్చోండి డాక్టరుగారూ. నేల మీద కూర్చుంటారేంటండీ," అంటోంది రాజ్యం కంగారుగా.

"నన్ను డాక్టరుగారు అనకమ్మా," అన్నాడు పోలయ్య. స్కూటరు ఆగిన చప్పుడుకి సత్యదుర్గ వైపు ఒక్కసారి చూసి, మళ్లీ రాజ్యం వైపు తిరిగాడు. "ఈ ఆటో నేనే తెచ్చేను. నేను చెప్పేది విని ఇందులో ఎక్కు. చెప్తేనే ఎక్కుతానన్నావంట కదా, అందుకని చెప్తున్నాను.

"దొరకి నేను మందు వెయ్యలేదు. మూడేళ్లూ వెయ్యలేదు. ఒక్క సూది కూడా పడలేదు దానికి. ముప్పై ఏళ్ల కింద సర్వీసులో ఉండగా ఒక కుక్క నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. బొడ్డు చుట్టూ సూదులు పొడిచేరు, పద్నాలుగు. అప్పట్నించి నాకు కుక్కంటే భయమమ్మా. మా ఇంటిదానిక్కూడా తెలీదు. గేదెల కింద దూరేవాడు కుక్కని చూసి వణుకుతాడంటే నవ్వరా? ఎక్కడ కుక్క ఉన్నా ఇంట్లోవాళ్లని లోపలికి పంపేసేవాణ్ని. కొన్ని చిన్నవి, ముసలివి, వాటికి ఎలాగో వేసేవాణ్ని. దొర దగ్గర మాత్రం నా కాళ్లు కదల్లేదు. మొదటి ఏడాది మందు సూదిలోకి ఎక్కించి, మందారం మొక్క మొదట్లో వదిలేసి, అయిపోయిందండీ అని పిలిచేను. రెండో ఏడు మందు తీయనే లేదు, ఎలాగూ మట్టిలోకే కదా అనుకున్నాను. మూడో ఏడు, అంటే ఈ ఏడు, చీటీ కూడా చూడలేదు. సంచిలో చేతికి తగిలిందేదో అంటించేను.

"అక్కడితో అయిపోతే ఇంత దూరం వచ్చేవాణ్ని కాదేమో. మంగళవారం చీటీ మార్చడానికి వెళ్లేనా, దొర స్తంభం దగ్గరే ఉన్నాడు. దూరంనించే చూసేను. దవడ వేలాడుతోంది. కళ్లలో ఆ చూపు. సర్వీసులో అలాంటివి ఎన్ని చూసేనో. నాకు తెలిసిపోయింది తల్లీ. తెలిసి కూడా జిగురు రాసి చీటీ అంటించేను. మూలలు సరిగ్గా వచ్చేయో లేదో చూసుకున్నాను కూడా. అప్పుడు నువ్వు నాకు టీ తెచ్చేవు. కుంటుకుంటూ తెచ్చేవు. నీ కాలికి కట్టు చూసేను. ఏమైందమ్మా అని అడగలేదు నేను. అడిగితే చెప్తావని అడగలేదు."